ఒకే వయసు, రెండు రకాల ముసలి ఎలుకలు

దాదాపు రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టి. అందులో పాలో, హాని చెయ్యని తెల్ల రంగో కలిపి అడుగు కనపడకుండా చేసిన నీళ్లు. నీటి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద, ఒకచోట, ఎలుక నిలబడేంత చిన్న పీట. ఎలుకలు బాగానే ఈదుతాయి కానీ నీళ్లలో ఉండటం వాటికి ఇష్టం ఉండదు. వదలగానే బయటపడే దారి వెతుక్కుంటాయి. పీట కంటికి కనపడదు, వాసనా రాదు. ఆధారమల్లా గదిలో చుట్టూ ఉన్న వస్తువులే: గోడ మీది బొమ్మ, మూలనున్న అల్మరా, తలుపు. వాటిని బట్టి పీట ఎక్కడుందో పోల్చుకోవాలి. పైగా ప్రతిసారీ తొట్టి అంచున వేరే చోటు నుంచి వదులుతారు కాబట్టి, ఫలానా వైపు తిరిగి తిన్నగా పోవడం అలవాటు చేసుకుంటే సరిపోదు. గది పటం మొత్తం బుర్రలో ఉండాలి.

బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ ఈ పద్ధతిని 1981లో ప్రచురించారు. మరుసటి ఏడాది ఆయన, జాన్ ఓకీఫ్, మరో ఇద్దరు కలిసి 'నేచర్' పత్రికలో ఒక విషయం చూపించారు. హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం దెబ్బతిన్న ఎలుకలు దాచిన పీట జాడ సరిగా నేర్చుకోలేవు. అదే పీటను పైకి కనపడేలా పెడితే మామూలుగానే ఈదుకుంటూ వెళ్లి ఎక్కేస్తాయి. చూపుంది, ఈత వచ్చు, బయటపడాలన్న తపనా ఉంది. లేనిదల్లా చోటు జ్ఞాపకం. మనుషుల్లోనూ కొత్త జ్ఞాపకాలు నిలవడానికి హిప్పోక్యాంపసే కీలకం కాబట్టి, వయసుకూ మతిమరుపుకూ ఉన్న సంబంధం తేల్చాలనుకున్న ల్యాబులన్నిటికీ ఈ తొట్టి చేరింది.

ల్యాబ్ ఎలుక ఆయుష్షు జాతిని బట్టి రెండు మూడేళ్లు. ఆరు నెలలది మంచి వయసులో ఉన్నట్టు. రెండేళ్లు దాటితే ముసలిదే. వయసులో ఉన్న ఎలుకలు కొద్ది రోజుల శిక్షణతోనే వదిలిన చోటు నుంచి పీట దగ్గరకు దాదాపు తిన్నగా వెళ్లిపోతాయి. ముసలివి సగటున ఎక్కువ దూరం తిరిగి, ఎక్కువ సమయం తీసుకుని చేరతాయి. ఇంతవరకూ వింటే కొత్తేముంది, వయసైతే మతిమరుపు మామూలేగా అనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రంగం నేర్పిన అతి ముఖ్యమైన పాఠం ఆ 'సగటున' అన్న మాట కిందే దాగి ఉంది.

సగటు దాచిపెట్టిన సంగతి

అమెరికా శాస్త్రవేత్త మిషెలా గాలగర్, నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఉండగా, సహచరులతో కలిసి 1993లో ఈ తొట్టి పరీక్షకు ఒక కొత్త కొలమానం ఇచ్చారు. ఎనిమిది రోజులు, రోజుకు మూడుసార్లు ఎలుకను నీళ్లలో వదులుతారు. ప్రతి ఆరోసారి పీట దానికి అందుబాటులో ఉండదు. అప్పుడు ఎలుక ఎక్కడ వెతుకుతోందో పైనున్న కెమెరా సెకనుకు పది సార్లు నమోదు చేస్తుంది. పీట ఉండాల్సిన చోటుకు అది సగటున ఎంత దగ్గరలో తిరిగిందన్నదే లెక్క. ఇక్కడే ఉండాలే అన్నట్టు ఆ చుట్టుపక్కలే తిరిగే ఎలుకకు చోటు గుర్తున్నట్టు. తొట్టంతా కలయతిరిగే ఎలుకకు గుర్తులేనట్టు. ఈ అంకెలన్నీ కలిపి ఒక్కో ఎలుకకు ఒక స్కోరు ఇస్తారు.

వాళ్లు వాడినవి లాంగ్-ఎవాన్స్ జాతి ఎలుకలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే పద్ధతిలో రెండేళ్లు దాటిన వందల ఎలుకలను పరీక్షించినా ఒకే తీరు కనిపిస్తూ వచ్చింది. ముసలి ఎలుకల్లో సుమారు సగం, ఆరు నెలల ఎలుకలతో సమానంగా నేర్చుకుంటాయి. మిగతా సగం స్కోర్లు వయసులో ఉన్న ఏ ఎలుకకూ రానంత అధ్వాన్నంగా ఉంటాయి. జాతి అదే, పెంపకం అదే, తిండి అదే, వయసూ అదే. అయినా ఒకదానికి మతిమరుపు, పక్కదానికి లేదు. అన్నిటినీ కలిపి సగటు తీస్తే "ముసలి ఎలుకలకు జ్ఞాపకశక్తి కొంత తగ్గింది" అనే ఫలితం వస్తుంది. కానీ ఆ 'కొంత' తగ్గుదల చాలా ఎలుకల్లో అసలు లేదు. కొన్నిట్లో బాగా ఎక్కువ, కొన్నిట్లో సున్నా.

దీంతో ప్రశ్నే మారిపోయింది. వయసు మెదడును ఏం చేస్తుంది అని అడిగితే కుర్ర ఎలుకను, ముసలి ఎలుకను పక్కపక్కన పెట్టి తేడాలన్నీ రాసుకోవాలి. అందులో సగం తేడాలకు జ్ఞాపకశక్తితో సంబంధమే ఉండకపోవచ్చు. అదే రెండు ముసలి ఎలుకలను పక్కపక్కన పెడితే, వయసు ఒకటే కాబట్టి, వాటి మెదళ్లలో కనిపించే తేడాయే మతిమరుపుకు అసలు ఆనవాలు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది, అది న్యాయమైనదే. ముసలిది కదా, ఈత మందగించిందేమో? చూపు ఆనడం లేదేమో? నిజంగానే ఈ రెండూ చాలా పాత ప్రయోగాలను తప్పుదోవ పట్టించాయి. ఈ రంగంలో విరివిగా వాడే ఫిషర్ 344 ఎలుకలు తెల్లవి, కళ్లలో రంగు పదార్థం ఉండదు, వయసుతో చూపు మరీ దెబ్బతింటుంది. చల్లని నీళ్లలో ముసలి ఎలుక ఒళ్లు కుర్రదానికంటే త్వరగా చల్లబడిపోతుంది, దాంతో ఈతా మందగిస్తుంది. అందుకే జాగ్రత్త గల ల్యాబుల్లో సమయం బదులు ఈదిన దూరాన్ని, పీటకు దగ్గరితనాన్ని కొలుస్తారు. చివర్లో కనపడే పీటతో పరీక్షించి, దాన్ని కూడా చేరలేని ఎలుకలను లెక్కలోంచి తీసేస్తారు. ఈ జాగ్రత్తలు లేని అధ్యయనం ఎక్కడైనా చదివితే, అది కొలిచింది జ్ఞాపకాన్నా, కీళ్ల నొప్పులనా అన్న అనుమానం ఉంచుకోవాల్సిందే.

కణాలు చావలేదు

ముసలితనంలో రోజూ వేల మెదడు కణాలు చచ్చిపోతాయని, మతిమరుపుకు అదే కారణమని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అదే అనుకున్నారు. వాళ్లు మెదడును పలచటి పొరలుగా కోసి, మైక్రోస్కోప్ కింద ఇంత విస్తీర్ణంలో ఇన్ని కణాలు అని లెక్కపెట్టేవారు. ఆ పద్ధతిలో చిక్కుంది. కోసి భద్రపరిచేటప్పుడు కుర్ర మెదడు, ముసలి మెదడు ఒకేలా కుంచించుకుపోవు. కాబట్టి సాంద్రత మారినంత మాత్రాన మొత్తం సంఖ్య మారిందని చెప్పలేం. స్టీరియాలజీ అనే కొత్త లెక్కింపు పద్ధతి వచ్చాక ఈ లోపం తీరింది.

ఆ పద్ధతితో పీటర్ రాప్, గాలగర్ 1996లో కుర్ర ఎలుకలు, బాగా నేర్చిన ముసలివి, నేర్వలేని ముసలివి అనే మూడు గుంపుల హిప్పోక్యాంపస్‌లలో న్యూరాన్లు లెక్కపెట్టారు. మూడింటిలోనూ సంఖ్య దాదాపు ఒకటే. చోటు గుర్తుపెట్టుకోలేక తొట్టంతా తిరిగిన ఎలుకకూ న్యూరాన్లన్నీ ఉన్నాయి. ఈ ఒక్క ఫలితం ఎంత పెద్దదో ఎంత చెప్పినా తక్కువే. చచ్చిపోయిన కణాలను తిరిగి తేలేం. కానీ కణం బతికే ఉండి పనితీరు మారితే, దాన్ని సరిచేసే దారి వెతకొచ్చు.

మరి ఏం మారింది? మొదటి జవాబు అంతకు చాలా ముందే, 1979లో కరోల్ బార్న్స్ ప్రయోగంలో దొరికింది. ఆమె పరీక్షలో నీళ్లు లేవు. వెలుతురులో పెట్టిన గుండ్రటి బల్ల, అంచు చుట్టూ 18 రంధ్రాలు, వాటిలో ఒక్కదాని కింద మాత్రమే చీకటి పెట్టె. వెలుగూ బయలూ ఎలుకకు భయం కాబట్టి ఆ ఒక్క రంధ్రం కోసం వెతుకుతుంది. అవే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో బార్న్స్ సన్నటి ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఒక నాడీ మార్గాన్ని కొద్దిసేపు గట్టిగా ప్రేరేపిస్తే, ఆ మార్గంలోని సినాప్సులు, అంటే న్యూరాన్‌కూ న్యూరాన్‌కూ మధ్యనున్న కలయికలు, బలపడి రోజులు, వారాల పాటు అలాగే ఉంటాయి. నేర్చుకోవడానికి మెదడులో ఉన్న భౌతిక రూపాల్లో ఇదొకటని నేడు చాలామంది ఒప్పుకుంటారు. ముసలి ఎలుకల్లోనూ సినాప్సులు బలపడ్డాయి, కానీ ఆ బలం త్వరగా జారిపోయింది. ఏ ఎలుకలో అది ఎక్కువ కాలం నిలిచిందో ఆ ఎలుకే రంధ్రాన్ని బాగా గుర్తుంచుకుంది. ముసలితనంలో పట్టు చిక్కుతుంది గానీ నిలవదు అని మన పెద్దలను చూసి మనం అనుకునే మాటకు ఒక కొలత దొరికినట్టయింది.

తర్వాతి ఏళ్లలో మరిన్ని వివరాలు బయటపడ్డాయి. ఫిలిప్ ల్యాండ్‌ఫీల్డ్ బృందం 1984లో చూపించినదేమిటంటే, ముసలి ఎలుకల హిప్పోక్యాంపస్ న్యూరాన్‌లోకి కాల్షియం ఎక్కువగా చొరబడి, ఒకసారి సంకేతం పంపాక మళ్లీ సిద్ధమవడానికి ఎక్కువసేపు పడుతోంది. హిప్పోక్యాంపస్‌కు బయటి సమాచారం తెచ్చే ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి వచ్చే సినాప్సులు, మతిమరుపు ఉన్న ముసలి ఎలుకల్లో తగ్గాయి. హిప్పోక్యాంపస్ లోపల సమాచారం సాగే దారిలో సీఏ1 అనే చివరి మెట్టులో సినాప్సుల సంఖ్య నిలకడగానే ఉంది. కానీ మతిమరుపు ఎలుకల్లో కొన్ని రకాల సినాప్సుల పరిమాణం చిన్నబోయింది. నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదన్నది ఇందులో గమనించాల్సిన విషయం. ఒక దారి సన్నబడింది, దాని పక్కది మామూలుగానే ఉంది.

మితిమీరిన హుషారు

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది హిప్పోక్యాంపస్ మధ్యలో ఉండే సీఏ3 అనే భాగం కథ. ముసలి మెదడు మందగిస్తుందని కదా అనుకుంటాం. మతిమరుపు ఉన్న ముసలి ఎలుకల్లో ఈ భాగం న్యూరాన్లు అవసరానికి మించి హుషారుగా ఉన్నాయి. హోవర్డ్ ఐచెన్‌బామ్, గాలగర్ తదితరుల బృందాలు 2005లో ప్రచురించిన పనిలో ఎలుక తిరుగుతుండగా ఒక్కో న్యూరాన్‌ను విడివిడిగా విని ఈ సంగతి పట్టుకున్నాయి.

దీని పర్యవసానం అర్థం కావాలంటే సీఏ3 పనేమిటో చూడాలి. ఇక్కడి న్యూరాన్లు బయటినుంచి వచ్చే సమాచారం తీసుకుంటూనే, తమలో తాము కూడా విపరీతంగా అల్లుకుని ఉంటాయి. అందువల్ల పాత జ్ఞాపకంలో ఒక ముక్క తగిలినా, పల్లవి వినగానే చరణం నోటికొచ్చినట్టు, మిగతా అంతా దానంతటదే లేచి వస్తుంది. వయసులో ఉన్న మెదడులో దీనికి అడ్డుకట్టగా రెండు ఉంటాయి: ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి, హిప్పోక్యాంపస్ ముంగిట ఉండే డెంటేట్ గైరస్ అనే భాగం మీదుగా వచ్చే 'ఇది కొత్తది' అనే సమాచారం, అతిగా ఎగిరే న్యూరాన్లను అణిచిపెట్టే చిన్న న్యూరాన్లు. మతిమరుపు ఎలుకలో మొదటిది సన్నబడింది, రెండోది పట్టు తప్పింది. దాంతో కొత్త అనుభవం వచ్చినా పాతదే గెలుస్తుంది. నేర్చుకోలేకపోవడమంటే బుర్ర ఖాళీగా ఉండటం కాదు, ఇప్పటికే ఉన్నది పక్కకు జరగకపోవడం కూడా కావొచ్చు.

ప్లేస్ సెల్స్ ప్రయోగాల్లో ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఓకీఫ్ 1971లో కనుగొన్న ఈ న్యూరాన్లు, ఎలుక గదిలో ఒక్కో చోటుకు చేరినప్పుడు ఒక్కోటి మోగుతాయి. అన్నీ కలిసి ఆ గదికి పటం. గదిలో వస్తువులు మారిస్తే కుర్ర ఎలుకలో కొత్త పటం తయారవుతుంది. మతిమరుపు ఉన్న ముసలి ఎలుకలో చాలాసార్లు పాత పటమే కొనసాగుతుంది. దీనికి విరుద్ధంగా కనిపించే ఫలితాన్ని బార్న్స్ బృందం 1997లో 'నేచర్'లో ప్రచురించింది. ఎలుకను తెలిసిన చోటులో తిప్పి, బయటికి తీసి, కొంతసేపటికి మళ్లీ అదే చోటుకు తెచ్చారు. కుర్ర ఎలుకల్లో ప్రతిసారీ అదే పటం లేచింది. ముసలి ఎలుకల్లో కొన్నిసార్లు పూర్తిగా వేరే పటం లేచింది, అక్కడికి మొదటిసారి వచ్చినట్టు. అలవాటైన చోటులోనే దారి తెలియక నిలబడిపోయిన పెద్దవాళ్లను చూసినవారికి ఈ వాక్యం ఊరికే చదివి వదిలేసేది కాదు. ఒక ప్రయోగం పటం మారనంటోంది, ఇంకొకటి మారకూడనప్పుడు మారిపోతోందంటోంది. రెంటిలోనూ లోపం ఒకటే. ఎదురుగా ఉన్న దృశ్యానికి సరైన పటాన్ని ఎంచుకోవడంలో బయటి ఆధారాల మాట నెగ్గడం లేదు.

అన్ని జ్ఞాపకాలూ ఒకటి కావు

హిప్పోక్యాంపస్ బాగుంటే అంతా బాగున్నట్టేనా? కాదని ఇంకో తరహా పరీక్ష చెబుతుంది. రెండు చిన్న గిన్నెల్లో వేర్వేరు పదార్థాలు నింపి, వేర్వేరు వాసనలు పట్టించి, ఒకదాంట్లో తినుబండారం దాస్తారు. ఎలుక తవ్వి తీసుకోవాలి. ముందు వాసనను బట్టి తిండి ఎక్కడుందో నేర్చుకుంటుంది. తర్వాత నియమం మారుస్తారు. ఇక వాసనను పట్టించుకోకూడదు, గిన్నెలో ఏం నింపారన్నదే ఆధారం. ఈ మార్పు దగ్గర ముసలి ఎలుకలు తడబడతాయి. పాత నియమాన్ని వదలడం వాటికి కష్టం. ఇది మెదడు ముందుభాగం పని. తొట్టి పరీక్షలో చక్కగా నెగ్గిన ముసలి ఎలుక ఇక్కడ తడబడొచ్చు, అక్కడ ఓడింది ఇక్కడ నెగ్గొచ్చు. కాబట్టి జ్ఞాపకశక్తిని ఒకే ముద్దగా చూసి, ఫలానా ఎలుకకు పోయిందనో ఉందనో తీర్పు చెప్పడం కుదరదు.

ఇంతకీ ఒకే తీరున పెరిగిన ఎలుకల్లో కొన్నే ఎందుకు నిలబడతాయి? పూర్తి జవాబు ఇంకా లేదు గానీ కొన్ని దారులు దొరికాయి. అందులో నాకు ముఖ్యమనిపించేది మైకేల్ మీనీ, రాబర్ట్ సాపోల్స్కీ తదితరులు 1988లో 'సైన్స్'లో ప్రచురించిన పని. పుట్టిన పిల్లలను మొదటి మూడు వారాలు రోజూ ఓ పావుగంట తల్లి దగ్గర నుంచి తీసి, మళ్లీ తల్లి దగ్గరే వదిలేవారు. ఇంకేమీ చెయ్యలేదు. ఆ చిన్న పనితో వాటి టెన్షన్ హార్మోన్ వ్యవస్థ జీవితాంతం వేరుగా స్థిరపడింది. భయం కలిగినప్పుడు హార్మోన్ పెరిగినా త్వరగా మామూలు స్థాయికి దిగిపోయేది. రెండేళ్ల వయసులో ఈ ఎలుకలు తొట్టి పరీక్షలో తోటి ముసలి ఎలుకల కంటే బాగా నేర్చుకున్నాయి. ముసలితనపు మతిమరుపుకు మూలం ఒక్కోసారి పసితనంలో ఉండొచ్చన్నమాట. మరోవైపు కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో మేరియన్ డైమండ్ 904 రోజుల వయసున్న ఎలుకల్లో కూడా తోటి ఎలుకలు, ఆట వస్తువులు ఉన్న పెద్ద బోనులో ఉంచితే మెదడు పైపొర మందం పెరుగుతుందని 1985లో చూపించారు. అంటే వయసు రెండున్నరేళ్లకు దగ్గరైనా తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు.

హైదరాబాద్‌లోనూ ఈ ప్రశ్న మీద చెప్పుకోదగ్గ పని జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి ఎలుక న్యూరాన్లలో డీఎన్‌ఏ మరమ్మతును పరిశీలించింది. న్యూరాన్ జీవితాంతం విభజన చెందదు, కాబట్టి దాని డీఎన్‌ఏకు తగిలిన దెబ్బలను ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటేనే బతుకు. ముసలి ఎలుకల న్యూరాన్ల నుంచి తీసిన సారంలో ఈ మరమ్మతు సామర్థ్యం పడిపోయింది. డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటా, డీఎన్‌ఏ లైగేజ్ అనే రెండు ఎంజైములు బయటినుంచి కలిపితే అది తిరిగి వచ్చింది. ఇది పరీక్షనాళికలో జరిగిన పని, తొట్టిలో ఈదిన ఎలుక మీద కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెంచుతున్న డబ్ల్యూఎన్ఐఎన్ అనే జాతి ఎలుకల్లో పుట్టుకతోనే విపరీతంగా లావెక్కే ఒక శాఖ ఉంది. వాటి ఆయుష్షు బాగా తక్కువ, ముసలితనపు లక్షణాలు ముందే వస్తాయి.

ఆ స్థూలకాయం మాటతో ఒక పెద్ద ఇబ్బంది గుర్తొస్తుంది. మామూలు ల్యాబ్ ఎలుక రోజంతా ముందు తిండి పెట్టుకుని, చిన్న బోనులో, కదలికే లేకుండా బతుకుతుంది. తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని క్లైవ్ మెకే 1935లోనే చూపించారు. కాబట్టి మనం 'వయసు ప్రభావం' అంటున్న దాంట్లో కొంత నిజానికి ఆ బోను ప్రభావం అయ్యుండొచ్చు. పైగా ఈ ప్రయోగాల్లో చాలావరకూ మగ ఎలుకలే. ఇంకో సంగతి, ఎలుకలకు సహజంగా అల్జీమర్స్ రాదు, దాని గుర్తులైన అమిలాయిడ్ ఫలకాలు వాటి మెదడులో పేరుకోవు. దీన్ని లోపంగా చూసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది మేలే అనిపిస్తుంది, ఎందుకంటే ఎలుకలో కనిపించే మతిమరుపు జబ్బుది కాదు, వయసుదే అని తేల్చి చెప్పవచ్చు.

సీఏ3 హుషారు కథకు మందు వైపు నుంచి ఒక కొనసాగింపు ఉంది. లెవెటిరాసెటామ్ ఫిట్స్‌కు వాడే మందు, మన మెడికల్ షాపుల్లో దొరికేదే. మతిమరుపు ఉన్న ముసలి ఎలుకలకు దాన్ని తక్కువ మోతాదులో ఇస్తే జ్ఞాపకం మెరుగుపడిందని గాలగర్ బృందం 2010లో ప్రకటించింది. తొలిదశ మతిమరుపు ఉన్న మనుషుల హిప్పోక్యాంపస్‌లోనూ అదే భాగంలో అతి హుషారు ఉందని, తక్కువ మోతాదు మందుతో అది తగ్గి, జ్ఞాపక పరీక్షలో ఫలితం బాగుపడిందని 2012లో తేలింది. కానీ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు సాగిన పెద్ద ట్రయల్‌లో మందు తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యురూపం లేనివాళ్లలో మాత్రం క్షీణత కొంత నెమ్మదించినట్టు కనిపించింది, అయితే రుజువు అనదగ్గంత బలంగా కాదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ల మతిమరుపుకు ఈ మాత్ర పనికొస్తుందేమోనని ఎవరూ సొంతంగా తెచ్చి వెయ్యకూడదు. ఇప్పుడు పరిశోధకులు తేల్చాల్సింది, ఆ మందు ఎవరిలో పనిచేస్తుందో ముందే ఎలా గుర్తించాలన్నది.